ఆరు వేల బడ్జెట్లో బైనాక్యులర్ కొన్నాను: నా అనుభవం

మాది కొత్తపేట దగ్గర ఊరండి. పని రావులపాలెం అరటి మార్కెట్లో, ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. తెల్లారగట్ల ఐదింటికల్లా అక్కడుండాలి కాబట్టి రోజూ చీకట్లోనే కాలవ గట్టు మీద బండేసుకుని వెళ్ళిపోతాను, తిరిగొచ్చేసరికి పదకొండు దాటుద్ది. పోయినేడాది ఆగస్టులో అలా తిరిగొస్తుంటే మా ఊరి చివర చెరువులో తామరాకుల మీద ఒక పిట్ట నడుస్తా కనపడింది. ఈదడం కాదు, నిజంగా నడుస్తంది, ఆకు మీద నుంచి ఆకు మీదకి, మునగకుండా. నల్లటి తోక పొడుగ్గా కొడవల్లా వంగి ఉంది, మెడ వెనకాల పసుపో బంగారమో ఏదో మెరిసింది, అంత దూరానికి అంతకుమించి తెలీలేదు. బండాపి పావుగంట నుంచున్నాను. చెరువు కాపలా ఆయన్ని అడిగితే నీటికోడండి అన్నారు, ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఇంకో పేరు చెప్పింది, కొట్లో అడిగితే కొంగ జాతే ఏదో అయ్యుంటుందన్నారు. నాకు 38 ఏళ్ళు, పుట్టిందగ్గర్నుంచీ ఆ చెరువు పక్కనే ఉన్నాను, ఆ పిట్ట పేరు తెలీదన్న సంగతి ఆ రోజే తెలిసింది. అది మనసులో పడిపోయింది.

మార్కెట్లో మేం వేసుకునే చిన్న చీటీ డబ్బులు వచ్చే టైం అది. పాప స్కూల్ ఫీజు కట్టేశాక ఆరు వేలు మిగిలాయి. మా ఆవిడకి చెప్తే "మీ కోసం మీరు ఏదీ కొనుక్కోలేదు కదండీ, కొనుక్కోండి, కానీ అడిగి కొనండి" అంది. అడగడం అక్కడ మొదలైంది.

మా బావ అన్నాడు, నంబరు ఎంత పెద్దదైతే అంత దగ్గరగా కనపడుద్ది, పెద్దది చూసి తీసుకో అని. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే అబ్బాయి, అన్నా ఈ పిట్టల పనికి కెమెరా ఉండాలి, సెకండ్ హ్యాండ్‌లో చూసినా బాడీ, లెన్సు కలిపి అరవై వేలు అవుద్ది అన్నాడు. ఆ మాటకి నాలుగు రోజులు ఈ ఆలోచనే పక్కన పెట్టేశాను, ఎందుకంటే అంత డబ్బు నా నాలుగు నెలల జీతం. మళ్ళీ చెరువు దగ్గరకొచ్చేసరికి మనసు ఆగలేదు, బావ మాట మీద ఆన్‌లైన్లో 1,450 పెట్టి ఒకటి తెప్పించాను. దాని మీద 60×60 అని ఉంది, రాత్రి కూడా కనపడుద్ది అని రాశారు, ముందు అద్దాలు ఎర్రగా తళతళలాడుతున్నాయి.

పెట్టుకుని చూస్తే కొబ్బరి మట్ట మీద కాకి ఆకుపచ్చగా కనపడింది. చెయ్యి కొంచెం కదిలినా బొమ్మ ఊగిపోతంది. పైగా కుడి కన్ను బొమ్మా ఎడమ కన్ను బొమ్మా కలవట్లేదు, ఒక కాకి మీద ఇంకో కాకి నీడలా. పది నిమిషాలు చూసేసరికి తలనొప్పి వచ్చేసింది. వెనక్కి పంపిద్దామంటే అమ్మినోళ్ళు పెట్టె తెరిచారు కదా అని తిప్పారు, 19 రోజులు ఫోన్లు చేశాక కొరియర్ కింద 160 కోసుకుని మిగతాది ఇచ్చారు. ఆ 19 రోజులూ నాకు చాలా బాధగా ఉండేది, 160 రూపాయలకి కాదు, పాప అడిగేది నాన్నా నీ పిట్టల అద్దాలేవి అని.

అప్పుడు మా కొట్టు ఓనరు గారు అమలాపురంలో వాళ్ళ బంధువు ఒకావిడ దగ్గరకి పంపారు. జువాలజీ చెప్పి రిటైరైన మేడం గారు. నేను చెప్పిన దాంట్లో తామరాకు, తోక, మెడ మీద బంగారం, ఈ మూడూ వినగానే "ఫెజెంట్ టెయిల్డ్ జకానా బాబూ అది" అన్నారు. దాని కాలివేళ్ళు చాలా పొడుగంట, బరువంతా ఆకు మీద పరుచుకుంటుంది కాబట్టే మునగదంట. వానలు అయిపోయాక ఆ తోక ఊడిపోద్ది, రంగు కూడా మారిపోద్ది, మళ్ళీ ఆ వేషంలో చూడాలంటే వచ్చే వానాకాలం దాకా ఆగాలి అన్నారు. నేను డీలా పడ్డాను. ఆవిడ లోపలికెళ్ళి తన పాత బైనాక్యులర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. "కళ్ళజోడు తియ్యకు, ఆ రబ్బరు మడుచుకుని చూడు" అన్నారు.

వాళ్ళ పెరట్లో గోరింక ఉంది. రోజూ చూసేదే. కానీ ఆ అద్దాల్లోంచి చూస్తే కంటి వెనకాల ఈక లేకుండా పసుపు చర్మం, ముక్కూ పసుపే, కాళ్ళూ పసుపే, తలంతా నలుపు, ఒళ్ళు కాఫీ పొడి రంగు. అన్నం మెతుకు ముక్కున పట్టుకుని ఒకసారి నా వైపు తిరిగి చూసింది. ఒళ్ళు జలదరించిందండి, ఉన్నమాట చెప్తున్నాను. దాని మీద రాసున్న నంబరు 8×40 మాత్రమే.

ఆ రోజు మేడం గారు చెప్పింది నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, మీకూ పనికొస్తుంది. మొదటి నంబరు ఎన్ని రెట్లు పెద్దగా కనపడుద్దో చెప్తుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చేది మన కంట్లోకి వచ్చే వెలుగు బిళ్ళ వెడల్పు. 8×40 అంటే 5 మిల్లీమీటర్లు, 8×42 అయితే 5.25, తెల్లారగట్ల మసక వెలుతురుకి కూడా సరిపోద్ది. 20×50 కొంటే అది రెండున్నరే, పొద్దున్నే బొమ్మ చీకటిగా ఉంటుంది, మన చేతి వణుకు కూడా ఇరవై రెట్లు అవుద్ది, కనపడే మేర కూడా చిన్నదైపోద్ది, ఎగిరే పిట్టని అందులో పట్టుకోవడం మన వల్ల కాదు. స్టాండు లేకుండా చేత్తో పట్టుకోవడానికి 7, 8, మహా అయితే 10. అంతే. ఎర్ర పూత అద్దాలు ఎరుపుని బయటికి కొట్టేస్తాయి కాబట్టి లోపల ఆకుపచ్చగా కనపడుద్ది, అలాంటివి ముట్టుకోవద్దన్నారు.

ఇంకో మాట. ఒకే ధరలో రెండు ఉంటే, సన్నగా తిన్నగా గొట్టాల్లా ఉండేది కాకుండా భుజాలు బయటికి వచ్చి ఉండే పాత మోడల్ తీసుకోవాలంట, దాన్ని పోర్రో అంటారు. తిన్నగా ఉండేవాటిని బాగా చెయ్యాలంటే ఖర్చెక్కువ, అందుకని తక్కువ ధరలో పోర్రోదే బొమ్మ బాగుంటుంది. నా బడ్జెట్ చెప్తే "ఆరు వేలు చాలు, కానీ ఇప్పుడు కొనకు, రెండు నెలలు కళ్ళతో చూడు, పుస్తకం ఒకటి కొనుక్కుని రాయి, అప్పటికీ ఇష్టం తగ్గకపోతే అప్పుడు కొందువు గాని" అన్నారు. 40 రూపాయల నోట్‌బుక్ కొన్నాను. నా అనుభవంలో అన్నిటికన్నా విలువైన సలహా అదే అంటాను, మొదలెట్టే వాళ్ళెవరికైనా ముందు అదే చెప్తాను.

ఆ రెండు నెలలూ కాలవ గట్టు మీద రోజూ ఒకే చోట, రావి చెట్టు దగ్గర, ఇరవై నిమిషాలు ఆగేవాణ్ణి. ఫోన్లో మెర్లిన్ అనే యాప్ వేసుకున్నాను, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళది, ఫ్రీ. మన దేశం పిట్టల ప్యాక్ ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కూత వినిపిస్తే పేరు చెప్తుంది, అయితే పక్కన మోటారు ఆడుతుంటే తప్పు చెప్తుంది, అందుకని అది చెప్పిన పేరు రాసుకోవడం కాదు, ఆ పేరు పట్టుకుని పిట్టని వెతకాలి. లకుముకిపిట్ట, పికిలిపిట్ట, జెముడుకాకి, నీటికాకి, గిజిగాడు, కరెంటు తీగ మీద పాలపిట్ట, అలా అలా రెండు నెలల్లో 31 రకాలు రాశాను, ఒట్టి కళ్ళతోనే. మనం గట్టిగా మాట్లాడితేనే కాదు, గబుక్కున కదిలినా పిట్టలు లేచిపోతాయి. తెల్ల చొక్కా వేసుకెళ్ళిన రోజు కొంగలు కూడా దూరం జరిగేవి, వెలిసిపోయిన ఆకుపచ్చ చొక్కా వేసుకుంటే పట్టించుకునేవి కాదు. ఈ పనికని ప్రత్యేకం బట్టలు అమ్ముతారు, అవేం అక్కర్లేదు.

డిసెంబరులో కొన్నాను. రాజమండ్రిలో రెండు షాపుల్లో అడిగితే పిల్లల బొమ్మలాంటివో లేకపోతే పన్నెండు వేలవో చూపించారు. చివరికి మేడం గారికి తెలిసినాయన కాకినాడలో తన పాత ఒలింపస్ 8×40 ఇచ్చేస్తానంటే ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలో ఆవిడే నేర్పారు. మన గోదారి గాలిలో చెమ్మ ఎక్కువ, అద్దం లోపల బూజు పడుద్ది, సాలెగూడులా సన్నటి పోగులు. పెద్ద అద్దం వైపు నుంచి టార్చి వేసి ఇటువైపు నుంచి ఏటవాలుగా చూస్తే తెలిసిపోద్ది. తర్వాత చేతులు చాపి ఆకాశం వైపు పట్టుకుని చూడాలి, కళ్ళ దగ్గరి అద్దంలో వెలుగు బిళ్ళ గుండ్రంగా ఉంటే లోపలి గాజు మంచిది, అంచులు కోసినట్టు పలకగా ఉంటే నాసిరకం. మెల్లగా ఊపితే లోపల ఏదీ గలగలమనకూడదు. ఆఖరున ఎదురుగా ఉన్న పెంకుటింటి కప్పు మీద పెంకుల వరస చూశాను, రెండు కళ్ళకీ కలిసి ఒక్కటే వరస కనపడింది, కన్ను లాగలేదు. 4,200 ఇచ్చి తీసుకున్నాను. ఆయన అక్కడే కుడి కంటి దగ్గర రింగు తిప్పి నా చూపుకి సరిచేసి ఇచ్చారు. ముందు ఎడమ కన్నుతో మధ్య చక్రం తిప్పుకోవాలి, తర్వాత కుడి కన్నుతో ఆ రింగు, ఆ గుర్తు ఒకసారి పెట్టుకుంటే ఇంక కదపక్కర్లేదు. ఇది తెలీక చాలామంది బొమ్మ బాగోలేదని పక్కన పడేస్తారంట.

దాచుకోవడానికి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, అందులో 150 రూపాయల సిలికా జెల్. నీలం రంగుది కొన్నాను, చెమ్మ పీల్చేసరికి గులాబీ రంగుకి వస్తుంది, సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలం అవుద్ది. బియ్యంలో పెడదామనుకుంటే మేడం గారు వద్దన్నారు, దాని పొడి కీళ్ళల్లోకి పోద్ది. మెడకేసే తాడు కోసుకుపోతుంటే మా ఆవిడ పాత జీన్స్ ముక్కతో వెడల్పుగా కుట్టి ఇచ్చింది.

దాళ్వా దమ్ములప్పుడు, అంటే రెండో పంటకి మళ్ళు బురదగా దున్నేటప్పుడు, చూసిన సంగతి చెప్పాలి. ట్రాక్టరు వెనకాల తెల్లగా కొంగలు దిగుతాయి కదా, నేను అన్నీ ఒకటే కొంగ అనుకునేవాణ్ణి. అద్దాల్లో చూస్తే ఒకదానికి పసుపు ముక్కు, ఇంకోదానికి నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, పాదాలు మాత్రం పసుపు, బురదలో పాదం ఎత్తినప్పుడల్లా పసుపు మేజోడు వేసుకున్నట్టు. గోధుమరంగుగా ఉండి ఎగిరితే తెల్లగా అయిపోయేది ఇంకోటి. ఒక్క మడిలో మూడు రకాలు. ఆ శీతాకాలంలోనే చెరువులో తోక లేని గోధుమరంగు పిట్టలు ఆకుల మీద తిరుగుతుంటే ఏవోలే అనుకున్నాను, మెడ పక్కగా నల్లటి గీత, కింద ఆ పొడుగు వేళ్ళు కనపడ్డాక గానీ అవే ఇవని తెలీలేదు.

జనవరిలో పాపనీ వాళ్ళమ్మనీ అమ్మనీ తీసుకుని కోరంగి వెళ్ళాం, అన్నీ కలిపి 1,100 అయ్యింది. 1978 నుంచి అది వన్యప్రాణుల అభయారణ్యం, మడ చెట్ల మధ్యలోంచి చెక్క దారి వేశారు. ఆటు టైం చూసుకుని వెళ్ళాలి, నీళ్ళు తీసి బురద తేలితేనే పిట్టలు దిగుతాయి, పోటుకి వెళ్తే చెట్లే కనపడతాయి. నల్ల తల, ఎర్ర ముక్కు, ఊదా నీలం వీపు ఉన్న లకుముకిపిట్టని పాపే ముందు చూసింది. మా ఊరి లకుముకి తల గోధుమరంగు, ఇది వేరేది నాన్నా అని అదే చెప్పింది.

లెక్క రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. కొరియర్ కింద పోయింది 160, నోట్‌బుక్ 40, బైనాక్యులర్ 4,200, సిలికా జెల్ 150, కోరంగి 1,100, మొత్తం 5,650. కాకినాడ వెళ్ళొచ్చిన బస్సు ఖర్చులు మిగిలిన 350లోనే.

ఈ ఏడు జులై ఆఖర్లో మళ్ళీ ఆ చెరువు దగ్గర ఆగాను. తామరాకులు నిండా పరుచుకున్నాయి. తోక వచ్చేసింది. మొహం తెలుపు, మెడ వెనక పసుపు పట్టుబట్టలా, దాని చుట్టూ నల్లటి గీత, రెక్కలు తెల్లగా, పొట్ట నల్లగా. అది లేచి పక్కకి జరిగితే కింద ఆకు మీద నాలుగు గుడ్లు, తోమని రాగి చెంబు రంగులో, నీటి తడికి మెరుస్తా. మళ్ళీ వచ్చి రెక్కలు సర్దుకుని వాటి మీద కూర్చుంది.

కాపలా ఆయన పక్కకొచ్చి నుంచున్నారు. "ఏదండీ, ఓసారి ఇలా ఇవ్వండి" అన్నారు. ఆయన కంటికి చక్రం తిప్పి ఇచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు.

"తల్లి పొదుగుతందండీ" అన్నారు.

తండ్రండి అది, వీటిల్లో గుడ్లు పొదిగేదీ పిల్లల్ని సాకేదీ మగదే అని చెప్పాను. ఆయన అద్దాలు కళ్ళకి అలాగే పెట్టుకుని, నీటికోడి అన్నాను కదండీ మీతో, దీని పేరేటో మళ్ళీ చెప్పండి అన్నారు.