గూడు తెలియని కందిరీగ

ఈ రోజు పొద్దుటి నుంచి చీకటి పడేవరకు ఒకే ఒక్క కందిరీగను చూస్తూ గడిపాను. ఆరేళ్ల కిందట తూర్పు కనుమల్లో వలకు చిక్కి, ఇప్పుడు సూదికి గుచ్చి ఉన్న నమూనా అది; గుంపు కట్టకుండా ఒంటరిగా బతికే రకం కందిరీగ. పొడవు 12 మిల్లీమీటర్లు, సన్నని తొడిమ వంటి నడుము. మీసాల కణుపులు లెక్కపెడితే 12 ఉన్నాయి కనుక ఆడది. మగదైతే 13 ఉండాలి.

అది ఏ జాతిదో తేల్చడానికి, 1897లో బింగ్‌హామ్ మన దేశపు కందిరీగల మీద రాసిన సంపుటంలోని గుర్తింపు పట్టికతో మొదలుపెట్టి, ఆ తరువాత వచ్చిన పట్టికల దాకా వెళ్లాను. ప్రతిచోటా గుర్తింపు చివరి మెట్టు వరకు సాఫీగా నడిచి, అక్కడ ఏ జాతితోనూ కలవని రెండు లక్షణాల దగ్గర ఆగిపోయింది: ముఖఫలకం కింది అంచులోని నొక్కు, వీపు మీది సన్నని గుంటల మధ్య ఎడం. పసుపు పట్టీలు కూడా వేరుగానే ఉన్నాయి గానీ, ఈ కుటుంబంలో రంగు ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి వాటిని నేను సాక్ష్యంగా తీసుకోలేదు. రంగును నమ్మి పెట్టిన పాత పేర్లు ఎన్నో తరువాత మరో జాతి పేరులో కలిసిపోయాయి. పెట్టిన పేరు మాత్రం చెరగదు, పర్యాయనామంగా జాబితాలో నిలిచిపోయి తరువాతివారి పని పెంచుతుంది.

మధ్యాహ్నం కిటికీ చట్రానికి కట్టిన మట్టి గూడు దగ్గరికి మరో కందిరీగ పచ్చని గొంగళిపురుగును మోసుకొచ్చింది. పురుగు భ్రమరాన్నే తలచుకుంటూ భ్రమరంగా మారిపోతుందని మన పెద్దలు చెప్పే భ్రమరకీట న్యాయం నాకు ఎప్పుడూ ఇక్కడే గుర్తొస్తుంది. తేనెటీగలు గానీ తుమ్మెదలు గానీ పురుగును ఇంటికి తేవు కనుక, ఆ న్యాయంలోని భ్రమరం ఈ కందిరీగే అయి ఉండాలని నా నమ్మకం. పురుగు లోపలికి వెళ్లడం, కొన్నాళ్లకు రెక్కలున్న ప్రాణి బయటికి రావడం వాళ్లు శ్రద్ధగా చూశారు. కొండి పోటుతో కదలిక కోల్పోయిన పురుగును కందిరీగ గుడ్డులోంచి వచ్చిన పిల్ల తిని పెరుగుతుందన్న సంగతి మాత్రం మట్టి గోడ వెనక ఉండిపోయింది.

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో, గుటియాన్‌షాన్ అడవిలో, గొట్టపు గూళ్లు వేలాడదీసి పరిశీలించినవారు 2014లో డ్యూటెరాజీనియా ఒస్సేరియం అనే కొత్త కందిరీగ జాతిని వర్ణించారు. అది పిల్లలకు సాలీళ్లను దాచిపెట్టి, గూటి చివరి గదిని చచ్చిన చీమలతో నింపుతుంది. అస్థికల గది అని అర్థం వచ్చే ఆ పేరు గూటిని చూసి పెట్టినదే. సూదికి గుచ్చిన నమూనాను ఎన్నాళ్లు చూసినా ఆ చీమల గది సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

నా బల్ల మీది కందిరీగ కొత్త జాతి అనే నా మనసు చెబుతోంది. అయినా మగది దొరకలేదు; దాని జననాంగాలను కాస్టిక్ పొటాష్‌లో శుభ్రపరిచి పోల్చే వీలు లేదు; ఒక్క ఆడదాన్ని పట్టుకుని హోలోటైప్‌గా, అంటే కొత్త జాతి పేరుకు ఆధారమైన నమూనాగా, ప్రకటించడానికి నాకు చేయి రాలేదు. వచ్చే వానాకాలం తరువాత అదే వాగు గట్టున మట్టి గూళ్లు వెతికి, మూత పడిన గూటిని పగలకుండా తెచ్చి, గాలి ఆడే సీసాలో ఉంచాలి. ఒకే గూటి నుంచి ఆడ, మగ రెండూ వెలువడితే అవి ఒకే జాతివని ఊహించుకోవలసిన అవసరం ఉండదు.

చీటీ మీద "ఆడ, 1, గూడు తెలియదు" అని పెన్సిలుతో రాసి, పెట్టె మూత బిగించాను.