స్టేడియం బయట విన్న శబ్దం

రస్సెల్ విల్సన్ అనగానే మన ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ) వాళ్లకి అమెరికన్ ఫుట్‌బాలే గుర్తొస్తుంది. నాకు మాత్రం మన యూనివర్సిటీ బేస్‌బాల్ మైదానం డోక్ ఫీల్డ్‌లో మెటల్ బ్యాట్ 'టింగ్'మనడం వినిపిస్తుంది.

2008 ఆగస్టులో ఎమ్మెస్‌కని రాలీ వచ్చాను. స్ప్రింగ్ సెమిస్టర్‌లో ఒక సాయంత్రం రూమ్‌కి వెళ్తుంటే ఆ శబ్దం విని లోపలికి వెళ్లాను. అక్కడ బేస్‌బాల్ ఆడుతున్న ఒక కుర్రాడు మన ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) విల్సనే అని పక్కాయన చెబితే నమ్మబుద్ధి కాలేదు.

రెండు ఆటలాడుతూ మూడేళ్లలోనే డిగ్రీ పూర్తి చేశాడు. 2010 జూన్ 8న కొలరాడో రాకీస్ అనే ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు అతన్ని డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం) నాలుగో రౌండ్‌లో తీసుకుంది. మర్నాడే వాళ్ల నాన్న పోయారు. ఆ వార్త చదివి, ఇండియాలో టైమ్ ఎంతో చూసుకోకుండా ఇంటికి ఫోన్ చేశాను. నాన్న నిద్రలోంచి లేచి "ఏమైందిరా?" అని కంగారుపడ్డారు. "ఏం లేదు నాన్నా, ఊరికే" అన్నాను.

ఆ ఎండాకాలం మైనర్ లీగ్‌లో (పెద్ద లీగ్‌కి కింది మెట్టు) ట్రై-సిటీ జట్టుకి 32 మ్యాచ్‌లాడాడు, బ్యాటింగ్ యావరేజ్ .230, తక్కువే. మరుసటి ఏడాది నార్త్ కరోలినాలోనే, ఆష్‌విల్ టూరిస్ట్స్ జట్టుకి వచ్చాడు. మేలో ఒక శనివారం నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాను. వాళ్ల మైదానం మెకార్మిక్ ఫీల్డ్ 1924 నాటిది, కొండవాలున ఒదిగి ఉంటుంది. అక్కడ 'టింగ్' లేదు. కాలేజీ దాటితే కర్ర బ్యాటే. మెటల్ బ్యాట్‌కి బంతి కాస్త అటూ ఇటూ తగిలినా దూరం పోతుంది. కర్రకి సరైన చోట తగలకపోతే చేతులు జివ్వుమంటాయి, బంతి ముందే చచ్చిపోతుంది. పైగా చుట్టూ ఉన్నవాళ్లలో చాలామందికి బేస్‌బాలే లోకం. ఇతను రోజులన్నీ ఫుట్‌బాల్‌తో పంచుకుంటూ వచ్చినవాడు. 61 మ్యాచ్‌ల్లో .228 రావడానికి కారణం ఇదేనని నా నమ్మకం. అతనికి బేస్‌బాల్ చేతకాలేదని ఎవరైనా అంటే ఇప్పటికీ ఊరుకోను.

జూన్ చివర్లో విస్కాన్సిన్ యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్లిపోయాడు. మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో మొత్తం 93 మ్యాచ్‌లు, 5 హోమ్ రన్‌లు, అంతే. 2014 ఫిబ్రవరిలో సియాటిల్ జట్టు తరఫున సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్) గెలిచిన రాత్రి మన బ్యాచ్ ఫోన్లన్నీ మోగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత నాన్న అమెరికా వచ్చినప్పుడు డోక్ ఫీల్డ్‌కి తీసుకెళ్లాను. మొదటి దెబ్బకే "స్టీలు గ్లాసు కింద పడ్డట్టుందిరా" అన్నారు. ఆట ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా కూర్చున్నారు.