తాతయ్య మకాంలో రొయ్యల మేత

బస్సు కైకలూరు దాటేసరికి రెండు పక్కలా చెరువులే. చిన్నప్పుడు ఇదే దారిలో అమ్మమ్మగారి ఊరు వెళ్తుంటే కిటికీలోంచి పచ్చి వరి వాసన కొట్టేది, ఇప్పుడు మేత వాసన. ఆకివీడులో దిగి ఆటో అడిగితే 6 కిలోమీటర్లకు 300 అన్నాడు. షేర్ ఆటో వస్తుందేమోనని ముప్పావుగంట ఎండలో నిలబడి, రాకపోయేసరికి మళ్లీ అతన్నే బతిమాలి 250కి ఎక్కాను. ఆ చిరాకు ఊరు చేరేదాకా తగ్గలేదు.

నేను చూడాలనుకున్నది తాతయ్య 4 ఎకరాలు, గట్టు మీద ఆయన కట్టించిన మకాం. అందులో ఒక పక్క ఎడ్లు, ఒక పక్క గడ్డి, చివరి గదిలో పాలేరు కుటుంబం ఉండేవాళ్లు. సార్వాకి స్వర్ణ రకం వరి ఊడ్చేవారు, నీళ్లొస్తే రెండో పంటగా దాళ్వా కూడా. ఊడ్పుల రోజుల్లో పాతికమంది ఆడవాళ్లు చేలో ఉండేవాళ్లు. తర్వాత పక్క చేనాయన చెరువు తవ్వాడు. దాని ఊట మా చేలోకి దిగి వరి కుళ్లిపోతుంటే మావయ్య రెండేళ్లు ఓర్చుకుని, చివరికి మాదీ చేపలకి లీజుకిచ్చేశాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఊరంతా అలాగే ఒకరి వెనక ఒకరు తవ్వారు. మొదట బొచ్చె, శీలావతి పెంచారు, ఇప్పుడు వనామీ రొయ్య. మనదేశంలో వనామీకి 2009లో అనుమతి వచ్చాక ఇక్కడ చేపల చెరువులు కూడా చాలా రొయ్యలకి మారిపోయాయి. పాలేరు కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిందట.

మకాం ఇంకా ఉంది. ఎడ్లు కట్టేసిన చోట మేత బస్తాలు, గడ్డి వేసిన చోట జనరేటరు. చివరి గదిలో టెక్కలి వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉంటున్నారు. అతను పడుకుని ఉన్నాడు. ఆవిడే బయటికి వచ్చి, “ఏటి బావూ, ఎవరు కావాల?” అంది. ఈ చేను మా తాతయ్యది అని చెప్పగానే మంచం వాల్చి కూర్చోబెట్టింది, వద్దన్నా వినకుండా కంచంలో అన్నం పెట్టింది. చారు, ఎండు నెత్తళ్ల వేపుడు. రొయ్యలు వండుకోరా అని అడిగితే, “అవి ఓనరువి కదా బావూ” అంది. ఇద్దరికీ కలిపి నెలకు 20 వేలు, ఇంటికి వెళ్లి ఏడు నెలలు అయ్యిందట. రాత్రి కరెంటు పోతే వెంటనే జనరేటరు వెయ్యాలి, ఏరేటర్లు ఆగితే నీళ్లలో గాలి తగ్గి తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకే ఆయన పగలు పడుకుంటాడు, ఆ టెన్షన్‌కి ఈవిడకి రాత్రిళ్లు నిద్ర ఉండదు. 2025లో అమెరికా సుంకం 50 శాతం అయినప్పుడు రేటు పడిపోయి ఓనరు రెండు నెలలు జీతం ఆపాడని కూడా చెప్పింది. ఎక్కడో అమెరికాలో పన్ను పెంచితే మా మకాంలో ఒక ఇంటికి డబ్బు అందకపోవడం నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

ఆ అన్నం రేషన్ బియ్యం. ఈ నేలలోనే వడ్లు పండేవి, ఇదిగో ఇక్కడే కళ్ళం ఉండేదని కాలితో చూపిస్తే ఆవిడ నా మొహం వంక చూసింది. చెయ్యి కడుక్కోడానికి లేస్తే బోదె కాలువ వైపు వెళ్లనివ్వలేదు, కొనుక్కున్న టిన్ను నీళ్లే చెంబుతో తెచ్చి పోసింది. 20 రూపాయల టిన్ను వాళ్లకి రెండు రోజులు రావాలి. చెరువుల మురుగంతా వదిలేది ఆ బోదెలోకే. మా అమ్మమ్మ పొద్దున్నే అందులోంచి బిందె ముంచుకొచ్చి, కుండలో ఇండుపగింజ అరగదీసి, నీళ్లు తేరాక మాకు తాగడానికి ఇచ్చేది. అదే చెప్పాను.

“ఈ నీళ్లా? తాగేవోరా బావూ?” అని రెండుసార్లు అడిగింది. తాగేవాళ్లం అన్నాను. లోపలికి వెళ్లి మొగుణ్ని లేపి, ఆయనకీ చెప్పమంది.