గొల్ల వేషం

ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా, మా స్కూల్లో క్రిస్మస్ నాటకం వేసిన ప్రతిసారీ నాకు గొల్ల వేషమే. ఒక ఏడు యోసేపు వేషం అడిగాను. ఇంకో ఏడు ముగ్గురు జ్ఞానుల్లో ఒకడిగా వేస్తానన్నాను, వాళ్ళకి మెరుపు కాగితం అంటించిన కిరీటాలు ఉండేవి మరి. టీచరుది ఎప్పుడూ ఒకటే మాట: "మీ ఇంట్లో గొంగడి ఉంది కదరా!" ఉంది. సిద్దిపేట దగ్గర మా ఊళ్ళో మాది గొర్లు కాసే కురుమల ఇల్లు. తాత గొంగడి నెత్తిన కప్పుకుని, అట్టతో చేసిన గొర్రె పక్కన నిలబడి, దేవదూత కనబడగానే దడుచుకుని మోకాళ్ళ మీద పడాలి. అదీ నా పాత్ర. గొంగడి గుచ్చుకునేది. దురద పెట్టేది. దేవదూతకేమో తెల్ల గౌను.

నిజం గొర్రెను మాత్రం నేనెప్పుడూ పట్టుకుని ఎరగను. నాకు నాలుగేళ్ళప్పుడే తాత మంద అమ్మేశాడు. రెండు లారీల్లో ఎక్కించారట. ఆ డబ్బులోనే నాన్న ఉద్యోగం కోసం కట్టిన కోచింగ్ ఫీజు ఉంది, సిద్దిపేటలో ఇంటి అడ్వాన్సూ ఉంది. నేను ఇంగ్లీషు మీడియంలో చదివి, సాఫ్ట్‌వేర్‌లో చేరి, 34 ఏళ్ళు వచ్చాక, మొదటిసారి ఒక గొర్రెను గడ్డం కింద చెయ్యేసి పట్టుకున్నది ఇంగ్లండ్‌లో. అది కూడా క్రిస్మస్‌కి పన్నెండు రోజుల ముందు.

ఆఫీసు పని మీద మూడు వారాలు లీడ్స్‌లో ఉన్నాను. రెండో శని, ఆదివారాలు ఖాళీ. లండన్ చూసొద్దామని మావాళ్ళంతా బయల్దేరారు. నాకు జనం అంటే పడదు. యార్క్‌షైర్ డేల్స్‌లో, స్వేల్‌డేల్ అనే లోయలో, ఒక రైతు ఇంట్లో గది అద్దెకి దొరికింది. లీడ్స్ నుంచి డార్లింగ్టన్‌కి రైలు, అక్కణ్ణుంచి రిచ్‌మండ్‌కి బస్సు. రిచ్‌మండ్‌కి ఆ ఇంటి పెద్దాయనే కారులో వచ్చాడు. దారి పొడవునా రాతి గోడలు. సున్నం, సిమెంటు ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. కొండ మీద ఎక్కడ చూసినా అవే గోడలు, పొలానికొకటి చొప్పున గడ్డి దాచుకునే రాతి కొట్టాలు.

రాత్రి భోజనాల దగ్గర మాటల్లో మా తాత గొర్లు కాసేవాడని చెప్పాను. పెద్దాయన చెంచా కింద పెట్టాడు.

"ఎన్ని?"

"రెండు వందల దాకా ఉండేవట."

"ఏ జాతి?"

"దక్కనీ. నల్లవి. ముతక ఉన్ని."

"పొద్దున ఏడున్నరకి లేవగలవా?"

నా జీవితంలో ఇంత తొందరగా అయిపోయిన ఇంటర్వ్యూ లేదు.

పొద్దున ఏడున్నర అంటే అక్కడ డిసెంబర్‌లో చిమ్మచీకటే. ఎనిమిది దాటాక గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగు కాకుండానే వెళ్ళిపోతాడు. ఆవిడ (ఆ ఇంటి పెద్దావిడ) నాకు వాళ్ళబ్బాయి పాత రబ్బరు బూట్లు ఇచ్చింది. నా పాదానికి రెండు సైజులు పెద్దవి. "రెండు జతల సాక్సులు వేసుకో, లవ్" అంది. ఆ 'లవ్' విని ఒక క్షణం కంగారుపడ్డాను. తర్వాత చూస్తే పోస్టుమన్‌ని కూడా అలాగే పిలిచింది.

మొదటి పని, తొట్టిలో మంచు పగలగొట్టడం. రాత్రికి రాత్రి నీళ్ళు పలకలా గట్టిపడ్డాయి. గొడ్డలి వెనక వైపుతో కొట్టి, ముక్కలు చేత్తో తీసి బయట పారేయాలి. రెండు నిమిషాలకి వేళ్ళు నావి కాకుండా పోయాయి. మావాళ్ళు ఎండాకాలం నీళ్ళ కోసం మందను తోలుకుని గోదావరి ఒడ్డుకి వలస పోయేవాళ్ళు. ఇక్కడ నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి, తాగాలంటే గొడ్డలి కావాలి.

రెండో పని గురించి చెప్పాలంటే కొంచెం సిగ్గు. గొర్రెలన్నిటినీ పై పొలం నుంచి దొడ్లోకి తేవాలి. పెద్దాయన నాలుగు చక్రాల బైకు మీద, మెగ్ అనే కుక్క ముందు. నన్ను గోడ మధ్య ఒక సందు దగ్గర నిలబెట్టి, "చేతులు చాపి నిలబడు. నువ్వొక గేటువి, అంతే" అన్నాడు. అంతకంటే తేలిక పని ఉంటుందా? ఆయన "కమ్ బై" అంటే కుక్క గడియారం ముల్లు తిరిగే వైపు, "అవే" అంటే దానికి ఎదురు వైపు. ఈల వేస్తే నేలకి కరుచుకుని పడుకుంటుంది. నల్లటి ముఖాలు, మూతి దగ్గర మాత్రం తెలుపు, పొట్టేళ్ళకే కాదు ఆడవాటికీ మెలి తిరిగిన కొమ్ములు. అదే స్వేల్‌డేల్ జాతి. ఆ నూరు ముఖాలూ ఒక్కసారిగా నా వైపు తిరిగేసరికి నాకు పూనకం వచ్చినట్టయింది. చిన్నప్పుడు తాత అదిలించే తీరు గుర్తొచ్చి, గొంతులోంచి "ట్ర్ర్ర్ర్... హా!" అని కేక పెట్టాను.

గొర్రెలు లెక్కచేయలేదు. కుక్క మాత్రం ఠక్కున ఆగిపోయింది. పడుకుని, నన్ను చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఈలోగా ఓ పది గొర్రెలు నా చంకల కిందుగా దూరి అవతలి పొలంలోకి పోయాయి. పెద్దాయన ఏమీ అనలేదు. మెగ్ వెళ్ళి మూడు నిమిషాల్లో తెచ్చింది. "గేటు మాట్లాడదు" అన్నాడాయన, అంతే.

దొడ్లో పడ్డాక అసలు పని. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా బట్టల గతి దీంతోనే మారింది.

అక్కడ పొట్టేళ్ళను నవంబర్ 5 ప్రాంతంలో మందలోకి వదులుతారు. ఆ రాత్రి ఊరూరా భోగిమంటల్లాంటి పెద్ద మంటలు వేసి టపాసులు కాలుస్తారు, అందరికీ గుర్తుండే తేదీ. గొర్రె ఈనడానికి సుమారు 147 రోజులు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే సరిగ్గా ఏప్రిల్ 1 వస్తుంది, గడ్డి మొలిచే వేళకి. "టపాసులతో లోపలికి, ఫూల్స్‌తో బయటికి" అని నవ్వాడు పెద్దాయన. పొట్టేలు ఛాతీకి రంగు పొడి నూనెలో కలిపి దట్టంగా పూస్తారు. అది ఏ గొర్రె మీదికెక్కితే దాని నడుం మీద ఆ రంగు అంటుకుంటుంది. మొదట పసుపు. గొర్రెకి పదిహేడు రోజులకోసారి ఎద వస్తుంది కాబట్టి, పదిహేడు రోజులకి రంగు మార్చి ఎరుపు. పసుపు మీద ఎరుపు పడిందంటే మొదటిసారి చూడి నిలవలేదని అర్థం. పసుపు ఒక్కటే ఉంటే ముందు ఈనుతుంది, ఎరుపు ఉంటే తర్వాత. ఏప్రిల్‌లో ఏది ఎప్పుడు ఈనుతుందో ముందే తెలిసిపోతుంది. కంప్యూటర్ లేదు, ట్యాగులు స్కాన్ చేయడం లేదు. మా ఆఫీసులో ఇలాంటి డాష్‌బోర్డు చేయడానికి ఆరుగురం నాలుగు నెలలు పడ్డాం.

ఆ రోజు మూడో రంగు, నీలం వేయాలి. మూడు పొట్టేళ్ళు. యాభై గొర్రెలకి ఒకటి చాలట. మా తెలంగాణలో 2017లో సర్కారు గొర్రెలు పంచినప్పుడు ఇరవై గొర్రెలకి ఒక పొట్టేలు ఇచ్చారని చెప్తే, "అదృష్టవంతుడు" అన్నాడు. పొట్టేలునా, రైతునా, అడగలేదు.

నేను మొదటి పొట్టేలును వీపు మీద ఉన్ని దొరకబుచ్చుకుని పట్టుకోబోయాను. ఆ రోజు మొత్తంలో ఆయన గట్టిగా అరిచింది అప్పుడే. ఉన్ని పట్టి లాగితే కింద చర్మం కమిలిపోతుందట, జుట్టు పట్టుకుని లాగినట్టే. ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకో చెయ్యి తుంటి మీద. తల పక్కకి తిప్పి, వెనక్కి వాల్చి కూర్చోబెడితే అంత బలమైన జంతువూ సోఫాలో కూలబడిన మామయ్యలా నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి కదలకుండా ఉంటుంది. దాని వీపు నా మోకాళ్ళకి ఆనింది. ఆయన నీలం పూస్తున్నాడు. పడిపోకుండా నా చెయ్యి దాని మెడ దగ్గర ఉన్నిలోకి పోయింది.

పైన తడి, మంచు, మట్టి. రెండు అంగుళాల లోపల పొడిగా, వెచ్చగా, వెన్న రాసినట్టు జిడ్డుగా ఉంది. ఆ జిడ్డు వాసన నాకు తెలుసు. స్టేజీ పక్కన చీకట్లో, నా వంతు కోసం కూర్చున్నప్పుడు ముక్కుకి కొట్టిన వాసనే. వాన తడిసిన తాత గొంగడి వాసన.

ఒంటిగంట దాటింది. అక్కడ ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం గానీ ఇంటి వైఫై దొడ్డి దాకా వస్తుంది. ఊళ్ళో మా ఇంట్లో సాయంత్రం ఆరున్నర దాటి ఉంటుంది. వీడియో కాల్ చేశాను. అమ్మ ఫోన్ తీసుకెళ్ళి తాతకిచ్చింది. తాతకి ఎనభై మూడు, చెవులు సరిగా వినబడవు, కళ్ళు మాత్రం బాగున్నాయి.

"ఏడున్నవ్‌రా?"

"ఇంగ్లండ్‌ల తాతా. జీవాల కాడ ఉన్న."

ముఖం ఫోన్‌కి ఆనించాడు. నాకు తాత ముక్కు ఒక్కటే కనబడుతోంది. చాలాసేపు చూశాడు. బాగున్నావా, తిన్నావా, చలిగా ఉందా, ఏ ఒక్కటీ అడగలేదు.

"నోరు తెరువుమను."

"నేనా?"

"నువ్వెందుకురా! గొర్రె నోరు. పండ్లు సూపెట్టుమను."

పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పబోయాను. అవసరం లేకపోయింది. ఫోన్లో ముసలాయన బొటనవేలు, చూపుడువేలుతో తన పెదాలు విడదీసి చూపిస్తున్నాడు. పెద్దాయన దగ్గర్లో ఉన్న గొర్రెను పట్టి, అవే రెండు వేళ్ళతో దాని పెదాలు విడదీసి ఫోన్ ముందు పెట్టాడు. గొర్రెకి పైన ముందు పళ్ళు ఉండవు, కింది పళ్ళే లెక్క. రెండు పళ్ళొస్తే ఏడాది దాటినట్టు, నాలుగొస్తే రెండేళ్ళు, ఆరుకి మూడు.

"ఆరు పండ్లు" అన్నాడు తాత.

పెద్దాయన ఖాళీగా ఉన్న చేత్తో మూడు వేళ్ళు చూపించాడు. మూడేళ్ళు.

తాత తలూపాడు. ఇద్దరి మధ్యా నేను ఉత్త ఫోన్ స్టాండ్. అలా నాలుగు గొర్రెల పళ్ళు చూశాడు. ఒకదానికి పళ్ళు వదులయ్యాయి. తాత పెదవి విరిచాడు. దాన్ని వచ్చే శరదృతువులో కింది మైదానంలోని రైతుకి అమ్మేస్తానని, కొండ గడ్డి కొరకడం ఇక దానివల్ల కాదని, మెత్తటి గడ్డి ఉన్నచోట ఇంకో రెండు మూడు ఈతలు ఈనుతుందని పెద్దాయన చెప్పాడు. అది తెలుగు చేసి చెప్తే తాత, "మంద మొత్తం అమ్మడు గద?" అన్నాడు.

అడిగాను. పెద్దాయన కొండ వైపు చూపించాడు. పైన కంచె లేదు. ఏ మంద ఎంతవరకు మేయాలో గొర్రెలకే తెలుసట. తల్లి పిల్లకి చూపిస్తుంది, ఆ పిల్ల పెద్దదై దాని పిల్లకి. అందుకని పొలం చేతులు మారినా గొర్రెలు కొండతోనే ఉండిపోతాయి. 2001లో గాలికుంటు రోగం వచ్చి దేశం మొత్తం మీద అరవై లక్షలకి పైగా పశువుల్ని చంపేసినప్పుడు చాలా కొండల మీద భయపడింది దీనికేనట. గొర్రెలు మళ్ళీ కొనుక్కోవచ్చు, దారి తెలిసిన గొర్రెలు ఏ సంతలో దొరుకుతాయి? ఇంత చేసి ఉన్ని అమ్మితే, కత్తిరించిన కూలి కూడా రాదని నవ్వాడు.

ఇదంతా తాతకి చెప్పాను. "మంచిగుంది" అన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. ఎక్కడ లారీల మాట ఎత్తుతాడోనని నేను చూస్తున్నాను. ఎత్తలేదు. ఫోన్ ఇంకా దగ్గరికి లాక్కుని, "గా గొర్రె నడుం మీద పసుపేందిరా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "బండారి గద! గాడ గూడ మల్లన్న ఉన్నడా?" అన్నాడు.

బండారి అంటే కొమురవెల్లి మల్లన్న పసుపు, నిజంగానే అదే రంగు. నేను ఆ పసుపు అసలు సంగతి చెప్పాను. వినబడలేదు. ఇంకా గట్టిగా చెప్పాను. ఇంగ్లండ్‌లో ఒక దొడ్డి మధ్య నిలబడి, పొట్టేలు ఏం చేస్తే ఆ రంగు అంటుతుందో తెలుగులో అరిచి చెప్పాను. అవతల అమ్మ "ఛీ" అనడం వినబడింది. తాత పళ్ళులేని నోటితో దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకపోయినా పెద్దాయనా నవ్వాడు.

తర్వాత లెక్క. సన్నటి దారిలో ఒక్కొక్క గొర్రె వెళ్తుంటే రంగులు నేను రాశాను. పసుపు 78, ఎరుపు 27, రెండూ ఉన్నవి నాలుగు, ఏదీ లేనివి మూడు. మొత్తం 112. ఆ లోయలో పాతకాలం వాళ్ళు గొర్రెల్ని మామూలు అంకెలతో లెక్కపెట్టేవాళ్ళు కాదట. యాన్, టాన్, టెథర్, మెథర్, పిప్ అంటూ ఇరవై దాకా వెళ్ళి, అక్కడ ఒక గుర్తు పెట్టుకుని మళ్ళీ మొదటికి. మా ఊళ్ళో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారని చెప్పాను. ఆయనకది తెగ నచ్చింది. మర్నాడు కోడిగుడ్లు ఏరుతూ "లాబమ్, టాన్, టెథర్" అనడం విన్నాను.

మూడున్నరకే వెలుతురు పోయింది. వంటింట్లో ఆవిడ ఎండుద్రాక్ష నిండిన క్రిస్మస్ కేకు ముక్క, దాని పక్కన తెల్లటి జున్నులాంటి వెన్స్‌లీడేల్ చీజ్ ముక్క పెట్టింది. రెండూ కలిపి కొరకాలట. కేకుతో చీజ్ ఏమిటని మనసులో అనుకుని, మూడు ముక్కలు తిన్నాను. కిటికీలో చిన్న పశువుల పాక బొమ్మ, గడ్డిలో శిశువు, ముగ్గురు జ్ఞానులు. గొల్లవాడు ఒక్కడే, వెనక వరసలో. వాణ్ణి కొంచెం ముందుకి జరిపాను. ఆవిడ చూడలేదనుకుంటా.

ఆఫీసుకి వేసుకునే జాకెట్టు మోచేతి దగ్గర అరచేయంత నీలం మరక పడింది. సబ్బుకీ, నిమ్మకాయకీ పోలేదు. కూకట్‌పల్లిలో డ్రైక్లీనింగ్ అబ్బాయి గోటితో గీకి చూసి, "ఏం రంగు సార్ ఇది?" అన్నాడు. పొట్టేలు రంగు అన్నాను. రసీదు మీద 'పెయింట్' అని రాసుకున్నాడు.