పనిరోజుల లెక్కతో నా తిప్పలు

ఎట్టకేలకు నిన్న సాయంత్రం నాకప్పగించిన పని టికెట్ క్లోజ్ చేశారు. మా క్లయింటు అప్పులిచ్చే సంస్థ. ఫిర్యాదు వచ్చాక ఎన్ని బ్యాంకు పనిరోజుల్లో పరిష్కరించారో రిపోర్టులో చూపించాలి; ఆ లెక్క వేసే ప్రోగ్రాం రాయడం నా పని.

పండగ సెలవులు, ఆదివారాలు తీసేయడం చిటికెలో అయిపోయింది. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. శనివారం 8-14 మధ్య గానీ 22-28 మధ్య గానీ పడితే దాన్నీ సెలవుల టేబుల్లో వేసేశాను.

అసలు గొడవ రివ్యూ మీటింగులో. ఆపరేషన్స్ పెద్దాయన తన ఎక్సెల్ షీటు తెర మీద పెట్టి, "2025 ఆగస్టు 4 నుంచి 11కి ఇందులో 6 వస్తోంది, మీ దాంట్లో 5. ఆ ఒక్క రోజూ ఏ జేబులో వేసుకున్నారండీ?" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. ఎక్సెల్‌లో పనిరోజులు లెక్కపెట్టే ఫార్ములా నెట్‌వర్క్‌డేస్ రెండు చివరల రోజుల్నీ కలుపుతుంది, నేను ప్రోగ్రాం రాసిన పైథాన్‌లో అదే లెక్క వేసే లైబ్రరీ నమ్‌పై ఆఖరి రోజును వదిలేస్తుంది. నేను ఆ మాట పూర్తి చేసేలోపే, "ఎక్సెల్ తప్పు చెబుతుందా?" అంటూ వేరే విషయంలోకి వెళ్లిపోయారు. ఫిర్యాదు అందిన రోజును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని అంతకుముందే మెయిల్లో అడిగాను. జవాబిచ్చిన నాథుడు లేడు.

ఒళ్లు మండి, ఆయన షీటులోనే జూలై 28 నుంచి ఆగస్టు 4 వరకు వేసి పంపాను. 6 అంది. నెట్‌వర్క్‌డేస్ శనివారాలన్నీ సెలవనుకుంటుంది. కానీ మధ్యలో ఆగస్టు 2 మొదటి శనివారం, బ్యాంకులు తెరిచే ఉన్నాయి; షీటు పద్ధతిలోనే చూసినా 7 రావాలి. అప్పుడు కదిలారు.

లీగల్ మేడమ్ 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ చూపించారు: ఫలానా రోజు నుంచి అంటే ఆ రోజు వదిలేయాలి, ఫలానా రోజు వరకు అంటే ఆ రోజు కలపాలి. రిపోర్టుకీ అదే ఖాయం చేశారు. నమ్‌పైది సరిగ్గా దీనికి తలకిందులు. ఆగస్టు 10 ఆదివారం వచ్చిన ఫిర్యాదు 12న మూసేస్తే 1 అంటుంది, కావలసింది 2. రెండు తేదీలకూ ఒక్కో రోజు కలిపి పంపితే కుదిరింది.

మీకూ ఈ పని తగిలితే ముందు ఆ మొదటి రోజు సంగతి రాతపూర్వకంగా తీసుకోండి, అంతవరకు ఒక్క లైనూ రాయకండి. రంజాన్ నెలవంకను బట్టి మారుతుంది కాబట్టి సెలవుల్ని కోడ్‌లో రాయొద్దు. గడువు జనవరిలోకి వెళ్లినప్పుడు కొత్త ఏడాది సెలవులు టేబుల్లో లేకపోతే నమ్‌పై నోరెత్తదు, లెక్క మాత్రం తప్పుతుంది. అందుకే జాబితా లేని ఏడాది వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేలా పెట్టాను.