సేఫ్టీ ఇండికేటర్లు తయారు చెయ్యడం: ర్యాంప్ మీద నా అనుభవం

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచి మా విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే ర్యాంప్ మీద (విమానాలు ఆగే చోట) సామాను దించి ఎక్కించడం లాంటి ఉద్యోగాల గురించి తెగ అడుగుతున్నారు. లోడర్ పనేంటో, డ్రైవర్ పనేంటో చెప్పేవాళ్లు దొరుకుతారు గానీ సేఫ్టీ సెల్‌లో ఉన్నవాడు రోజూ ఏం చేస్తాడో చెప్పేవాళ్లు తక్కువ. నేను ఆ పనిలోనే ఉన్నాను. ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలో, ఆ కంపెనీ పేరూ ఎయిర్‌పోర్టు పేరూ ఇక్కడ రాయను. సేఫ్టీ పెర్ఫార్మెన్స్ ఇండికేటర్లు, అంటే భద్రత ఎలా ఉందో చూపించే అంకెలు, మేం ఎస్‌పీఐలు అంటాం, వాటిని మొదటి నుంచి కొత్తగా తయారు చేసుకోవాల్సి వచ్చినప్పుడు ఏం జరిగిందో రాస్తున్నాను.

కాస్త నేపథ్యం. సేఫ్టీ మేనేజ్‌మెంట్ కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2013లో విడిగా ఒక అనెక్స్ (నిబంధనల అనుబంధం) తెచ్చింది, అది 19వది. దాన్ని ఎలా అమలు చెయ్యాలో చెప్పే మాన్యువల్ పేరు డాక్ 9859. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలు కూడా ఆ దారిలోనే ఉంటాయి. ప్రమాదం అయ్యాక విచారించడం ఎలాగూ ఉంది, దానికి ముందే కనిపించే గుర్తుల్ని లెక్కపెట్టాలి, ఆ లెక్క ఎటు పోతోందో నెలనెలా చూడాలి, హద్దుగా పెట్టుకున్న గీత దాటితే వెంటనే ఏదో ఒకటి చెయ్యాలి. అంతే విషయం.

మాకు అప్పటిదాకా గట్టిగా చూసే ఇండికేటర్ ఒక్కటే, విమానానికి మా వాహనాల వల్ల దెబ్బ తగిలిన సంఘటనలు. నెలల తరబడి అది సున్నా. మీటింగ్‌లో ఆ సున్నా చూసి అందరూ సంతోషపడేవాళ్లు, నాకు మాత్రం ఆ సున్నా అంటే భయం. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు పాసింజర్ రైళ్లు ఢీకొన్నప్పుడు, ఎవరింటి మనిషి ఆ బండిలో ఉన్నాడో తెలియక మా వీధిలో జనం ఫోన్లు పట్టుకుని బయటే నిలబడ్డారు. ప్రమాదాల లెక్క అనేది ప్రమాదం అయ్యేదాకా నోరు విప్పదని నాకు గట్టిగా నాటుకుంది ఆ రాత్రే.

మొదటి తగువు అంకెల దగ్గరే వచ్చింది. పోయిన నెల కన్నా ఈ నెల సంఘటనలు ఎక్కువ, కాబట్టి పరిస్థితి పాడైంది అని ఒకరన్నారు, కానీ ఆ నెల విమానాలు ఎన్ని ఎక్కువ వచ్చాయో ఎవరూ చూడలేదు. మా మేనమామ విజయనగరం ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆదివారం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే, "ఒరే, బ్రేక్‌డౌన్లు ఎన్ని అని ఊరికే అడగరు రా మా దగ్గర, పది వేల కిలోమీటర్లకి ఎన్ని అని అడుగుతారు. యాక్సిడెంట్లయితే లక్ష కిలోమీటర్లకి" అన్నాడు. మేమూ అదే దారి పట్టాం, వెయ్యి టర్న్‌అరౌండ్లకి ఇన్ని అని. విమానం వచ్చి ఆగి, జనం, సామాను దిగి, ఎక్కి, మళ్లీ కదిలేదాకా ఒక టర్న్‌అరౌండ్.

అసలు కష్టం లెక్కలది కాదు, లెక్కపెట్టడానికి సమాచారం లేకపోవడం. ప్రమాదం తేగల విషయాలు రాసిచ్చే హజార్డ్ రిపోర్టు ఫారం ఇంగ్లీషులో ఉండేది, రెండు పేజీలు, మొదటి గడిలోనే పేరూ ఎంప్లాయీ నంబరూ రాయాలి. మా లోడర్లలో ఎక్కువమంది రణస్థలం, ఎచ్చెర్ల, పూసపాటిరేగ వైపు వాళ్లు, తెలుగు బాగా చదువుతారు, ఆ ఫారం మాత్రం ముట్టుకోరు. ఒకరోజు సెలవు చూసుకుని రణస్థలంలో హైవే పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడాను. డ్యూటీలో ఒక్క మాట కూడా చెప్పనివాళ్లు అక్కడ గంటల తరబడి చెప్పారు: వాన పడ్డాక ఒక బెల్ట్ లోడర్ (విమానంలోకి సామాను ఎక్కించే బండి) బ్రేకు సరిగ్గా పట్టదని, ట్రాలీకి పిన్ను లేక ఇనప తీగ కట్టి లాగుతున్నారని, లేటైన ఫ్లైట్ వస్తే విమానం కింద ఎర్ర బీకన్ లైటు (ఇంజిన్లు ఆగేదాకా వెలిగేది) ఆరకముందే దగ్గరికి వెళ్లిపోతున్నారని. ఇవన్నీ ఎందుకు రాయట్లేదన్నా అంటే, వాళ్లలో పెద్దాయన అన్నాడు, "రాస్తే మా మీదకే వస్తాది కద బాబూ. ఎవుడు సెప్పాడని అడుగుతారు, తరవాత డ్యూటీ మారిపోద్ది."

ఆయన మాటే మా పని మొత్తానికి ఆధారం అయింది. ఫారం తెలుగులోకి మార్చాం, నాలుగే ప్రశ్నలు, పేరు రాయడం ఇష్టం ఉంటేనే. రాయడం ఇబ్బందైతే వాయిస్ మెసేజ్ పంపినా చాలు. కావాలని చేసిన తప్పులకి తప్ప రిపోర్టు చేసినందుకు ఎవరి మీదా చర్య ఉండదని మేనేజర్ సంతకంతో నోటీసు పెట్టించాం. సేఫ్టీ సమాచారాన్ని, ఇచ్చినవాళ్లని కాపాడాలని అనెక్స్ 19 కూడా చెప్తుంది కాబట్టి ఆ సంతకం తెచ్చుకోవడం తేలికైంది. మొదటి వాయిస్ మెసేజ్ ఆ బెల్ట్ లోడర్ బ్రేకు గురించే వచ్చింది, అదే రోజు బండిని పక్కన పెట్టి వర్క్‌షాప్‌కి పంపాం, మర్నాడు బ్రీఫింగ్‌లో ఆ సంగతి అందరికీ చెప్పాం. ఆ తర్వాత ఇక రిపోర్టులు అడగాల్సిన అవసరం రాలేదు.

అప్పుడు కొత్త గొడవ. రిపోర్టుల గ్రాఫు పైకి పోవడం చూసి పైనుంచి ఒక పెద్దాయన, మీ స్టేషన్‌లో (ఒక ఎయిర్‌పోర్టులో ఉన్న కంపెనీ విభాగాన్ని అలా అంటాం) ప్రమాదాలు పెరిగిపోతున్నాయి, ఈ నంబరు తగ్గించండి అన్నారు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ మాట కింది దాకా వెళ్తే రిపోర్టులు నిజంగానే తగ్గిపోతాయి, ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది. అందుకని రెండు చార్టులు విడదీశాం. సంఘటనల రేటు పెరిగితే చెడు. స్వచ్ఛందంగా వచ్చే రిపోర్టుల రేటుకి మాత్రం పై గీత లేదు, కింది గీత ఒక్కటే, అంతకన్నా పడిపోతే జనం మళ్లీ భయపడుతున్నారేమో అని మేం కంగారు పడాలి. దాని పక్కనే వచ్చిన రిపోర్టుల్లో ఎన్నింటి మీద పని పూర్తయిందో శాతం చూపించాం. ఆయన ఒప్పుకోవడానికి టైం పట్టింది, కానీ ఒప్పుకున్నారు.

గీతలు ఎక్కడ గియ్యాలనే దానికి మాన్యువల్‌లో ఒక పద్ధతి ఉంది. వెనకటి కాలం నెలవారీ రేట్ల సగటు తీసుకుని, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతాయో చెప్పే కొలత) కట్టి, సగటుకి ఒకటి, రెండు, మూడు డీవియేషన్లు కలిపి మూడు గీతలు గియ్యాలి. ఉదాహరణకి సగటు 1.2, డీవియేషన్ 0.5 అయితే గీతలు 1.7, 2.2, 2.7 దగ్గర పడతాయి. ఒక్క నెలైనా మూడో గీత దాటితే, లేదా వరసగా రెండు నెలలు రెండో గీత దాటితే, లేదా వరసగా మూడు నెలలు మొదటి గీత దాటితే అలర్ట్. ఎక్సెల్‌లో చేసుకోవచ్చు, పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

కాకపోతే మాలాంటి చిన్న స్టేషన్‌కి ఇది అన్నిచోట్లా పనికిరాదు. ఏడాదికి ఒకటో రెండో జరిగే వాటికి డీవియేషన్ కడితే గీతలకి అర్థమే ఉండదు, ఒక్క సంఘటనకే గ్రాఫు ఆకాశానికి లేస్తుంది. అలాంటివి మేం గ్రాఫులో పెట్టలేదు, ఒక్కటి జరిగినా పూర్తి విచారణ, అంతే. తరచుగా జరిగే వాటికే గీతలు: ర్యాంప్ మీద దొరికే ఇనప ముక్కలు, లగేజీ చక్రాలు, బోల్టుల్లాంటివి, వీటిని ఎఫ్ఓడీ అంటారు. చిన్న విషయం అనుకోకండి, 2000 జులై 25న పారిస్ దగ్గర కాంకార్డ్ విమానం కూలిపోయి 113 మంది చనిపోవడానికి మొదలు, అంతకుముందు వెళ్లిన వేరే విమానం నుంచి రన్‌వే మీద పడిన ఒక లోహపు పట్టీయే.

నాకు బాగా నచ్చిన ఇండికేటర్ ఇంకొకటి. కొన్ని టర్న్‌అరౌండ్లు ఎంచుకుని దూరం నుంచి గమనిస్తాం: బీకన్ ఆరేదాకా ఆగారా, విమానం దగ్గరికి వెళ్లే ముందు బండి ఆపి బ్రేకు చూసుకున్నారా, చోక్స్ (చక్రాలకి అడ్డుపెట్టే దిమ్మలు), కోన్లు పెట్టారా, రివర్స్ చేసేటప్పుడు వెనక మనిషి ఉన్నాడా. సూపర్‌వైజర్ చూస్తుంటే అందరూ పద్ధతిగా చేస్తారు కాబట్టి గమనించే పని లోడర్లకే వంతుల వారీగా ఇచ్చాం, అన్ని షిఫ్టుల్లోనూ. అప్పుడు బయటపడింది, బ్రేకు చూసుకోవడం పగలు బాగానే ఉంది, రాత్రి రెండు విమానాలు దగ్గర దగ్గరగా వచ్చినప్పుడే పడిపోతోంది. మనుషులకి మళ్లీ ట్రైనింగ్ ఇద్దాం అన్నారు కొందరు. ట్రైనింగ్‌కి లోటేం లేదు, ఆ గంటలో చేతులు చాలట్లేదు. రోస్టర్ మార్చి ఆ టైంలో మనుషుల్ని పెంచాక శాతం పైకొచ్చింది.

ఒక పక్కమాట, మా కంపెనీకి సంబంధం లేనిదైనా మా వైపు వాళ్లకి తెలియాలి. పక్షులు ఢీకొనే రేటు ఎయిర్‌పోర్టు వాళ్లు చూసే ముఖ్యమైన ఇండికేటర్. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల జంతువుల్ని కొయ్యడం, పక్షులు వాలేలా చెత్త వెయ్యడం 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నిబంధన ప్రకారం నిషేధం. భోగాపురం చుట్టుపక్కల చికెన్ కొట్ల వ్యర్థాలు రోడ్డు పక్కన పడేస్తే ఆ అంకె మీద మన ఊళ్ల చెయ్యి పడినట్టే.

ప్రస్తుతం మా లిస్టు చిన్నదే. ట్రైనింగ్ పూర్తయిన శాతం అనే ఇండికేటర్‌ని తీసేశాం, అది ఎప్పుడూ నూటికి నూరే ఉండేది, దాన్ని చూసి మేం ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు. దాని స్థానంలో తడి ర్యాంప్ మీద బ్రేకుల రిపోర్టుల్ని ఈ వానాకాలం నుంచి విడిగా లెక్కపెడుతున్నాం. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు డాక్ 9859 నాలుగో ఎడిషన్‌లో నాలుగో అధ్యాయం ముందు చదవండి, ఆ తర్వాత ఏ స్టేషన్‌లో చేరినా లోడర్లు టీ తాగే చోటు ఎక్కడో కనుక్కోండి.