పొద్దున్నే బండి అందుకోవట్లేదు

డిసెంబరు రెండో వారం, తెల్లవారుజామున 4 గంటలు. బండి వెనక కొత్తిమీర, మెంతికూర కట్టలు, పదకొండు బస్తాల వంకాయలు ఎక్కించి ఉన్నాయి. వాటిలో మావి మూడు బస్తాలే, మిగతావి మా ఊరి రైతులవి. ఆదిలాబాద్ మార్కెట్ మాకు అరగంట దూరం. ఐదున్నర దాటితే చిల్లర వ్యాపారులు కొనాల్సింది కొనేసి వెళ్లిపోతారు, ఆకుకూరకు సగం ధర కూడా పలకదు. తాళం తిప్పాను. ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు బరువుగా మూలిగింది. ఆగి మళ్లీ కొట్టాను. ఐదోసారికి బండి ఎలాగో అందుకుంది, నిలువెల్లా ఊగిపోతూ.

మాది 2011 మోడల్ డీజిల్ పికప్. నాలుగు సిలిండర్లు, పాత తరహా మెకానికల్ డీజిల్ పంపు. మధ్యాహ్నం ఎండలో తాళం ముట్టుకుంటే చాలు, స్టార్ట్ అయ్యేది. పొద్దున ఒక్కటే బాధ. మా జిల్లాలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 6, 7 డిగ్రీలకు పడిపోవడం కొత్తేమీ కాదు, నిరుడు అదే చలిలో ఈ బండే మామూలుగా నడిచింది. అందుకే "చలికి అంతే" అన్న మాట నాకు రుచించలేదు.

అడిగిన ప్రతి ఒక్కరూ ఒకటే చెప్పారు, బ్యాటరీ పోయిందని. పాతదానికి నాలుగేళ్లు నిండాయి కాబట్టి నేనూ నమ్మాను. పాతది ఇచ్చి, పైన 6,200 రూపాయలు కట్టి కొత్తది వేయించాను. రెండు రోజులు కాస్త హుషారుగా తిరిగింది. మూడో రోజు చలి పెరిగింది, మళ్లీ అదే మూలుగు. ఆ రోజు మార్కెట్‌కు చేరేసరికి ఆరున్నర. మెంతికూర ఇచ్చిన అవ్వకు నా జేబులోంచి డబ్బులు సర్దాను. డబ్బు సంగతి అలా ఉంచితే, సరుకు నమ్మి ఎక్కించినవాళ్ల ముఖం చూడలేకపోవడం ఎక్కువ బాధగా ఉండింది.

ఆదిలాబాద్‌లో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. లారీల మీద బతుకంతా గడిపిన మనిషి, మేమందరం కాకా అంటాం. బండి తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాను. బానెట్ కూడా ఎత్తలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"సెల్ఫ్ మెల్లగ తిరుగుతుందా తమ్మీ, మంచిగ తిరిగి కూడ బండి అందుకుంటలేదా? ముందుగాల గది చెప్పు."

చెప్పలేకపోయాను. వారం నుంచి ఆ బండితో పోరాడుతూ కూడా ఆ రెండింటికీ తేడా గమనించలేదు. కాకా వివరించాడు. ఇంజిన్ మెల్లగా తిరిగితే అది కరెంటు రోగం: బ్యాటరీ, కేబుళ్లు, ఎర్త్, సెల్ఫ్ మోటారు. ఇంజిన్ చకచకా తిరుగుతున్నా అందుకోకపోతే అది డీజిలో, వేడో, సిలిండర్లో గాలి నొక్కుకునే కంప్రెషనో. రెండు రోగాలకూ పైకి కనిపించేది ఒకటే, బండి ఆలస్యంగా స్టార్ట్ అవుతుంది. మందులు మాత్రం వేరు.

"నా దగ్గరికి తెచ్చేటాల్లకు బండి వేడెక్కి వస్తది. ఇంక నాకేం దొరుకుతది? పొద్దుగాల లేచి నువ్వే చూడాలె. పొగ చూడు, చప్పుడు విను, రాసి పెట్టు." ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టొద్దు, మళ్లీ కొట్టే ముందు కనీసం ఒక నిమిషం ఆగాలి. లేకపోతే ఉన్న రోగానికి తోడు సెల్ఫ్ కాయిల్ కాలిపోతుంది. నేను అంతవరకు ఇరవై, ముప్పై సెకన్లు పట్టుకుని కూర్చునేవాణ్ని.

మర్నాటి నుంచి 3 గంటలకే లేచాను. మా అక్క కొడుకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నాడు, వాడి మల్టీమీటర్ తెచ్చుకున్నాను. ఫోన్‌లో సెల్ఫ్ చప్పుడు రికార్డు చేసి విన్నాను. నిద్రమత్తులో, తొందరలో చెవికి పట్టనిది రికార్డింగ్‌లో స్పష్టంగా తెలిసింది. ఇంజిన్ నిజంగానే మెల్లగా తిరుగుతోంది. అంటే ముందు కరెంటు సంగతి తేల్చాలి.

బండి కదలకముందు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీకి అంతే ఉండాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. తర్వాత సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. మధ్యలో ఇంజిన్ అందుకోకుండా పంపు మీద డీజిల్‌కు దారి తెరిచే స్టాప్ సోలినాయిడ్ వైరు పీకేసి, తాళం తిప్పమని మా ఆవిడకు చెప్పాను. 10.9 వోల్టులు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి. ఇక్కడ అసలు పడాల్సినంత కూడా పడలేదు. బలమైన బ్యాటరీ ఉంది, కానీ సెల్ఫ్ దానిలోంచి లాగాల్సినంత లాగలేకపోతోంది. దారిలో ఎక్కడో అడ్డం ఉంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నా 6,200 రూపాయలు పోయింది ఇది తెలియకే. కరెంటు బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళితే సరిపోదు, తిరిగి మైనస్‌కు చేరాలి. వెళ్లే దారి ఆ లావుపాటి ఎర్ర కేబుల్, అది అందరికీ కనిపిస్తుంది. తిరిగొచ్చే దారి ఇంజిన్ బ్లాకు, దానికి బిగించిన ఎర్త్ పట్టీ, ఛాసిస్. దాన్ని ఎవరూ చూడరు. డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ రెండు వందల ఆంపియర్లకు పైనే లాగుతుంది. అంత కరెంటు పారేటప్పుడు ఒక ఓమ్‌లో రెండు వందలో వంతు అడ్డు ఉన్నా ఒక వోల్టు అక్కడే వేడిగా పోతుంది. మీటర్‌ను బీప్ మీద పెట్టి ఎర్త్ పట్టీ చూస్తే బాగున్నట్టే పలికింది. నిజానికి అది ఆ పరీక్షకు దొరికే జబ్బు కాదు, సెల్ఫ్ కొడుతున్నప్పుడే కొలవాలి.

మీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని బోల్టుకు ఆనించాను. మామూలుగా సున్నా చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టగానే 1.4 వోల్టులు! అర వోల్టు కూడా దాటకూడదు, బాగున్న బండిలో 0.2కు అటూఇటూ ఉంటుంది. వెంటనే బండి కిందికి దూరి పట్టీని చేత్తో పట్టుకున్నాను. అంత చలిలో అది వెచ్చగా ఉంది.

గేర్‌బాక్సు దగ్గర నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఆ అల్లిక పట్టీ పైకి బాగానే ఉంది. విప్పి చూస్తే లోపలి పోగులు ఆకుపచ్చగా చిలుము పట్టి పొడిలా రాలాయి. దానికి తోడు ఛాసిస్ వైపు చివర రంగు మీదే బిగించి ఉంది. రెండేళ్ల కింద టింకరింగ్ చేయించినప్పుడు కింద నల్లరంగు కొట్టారు, ఆ పొర మీదే బోల్టు వేశారు. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, 350 రూపాయలు పెట్టి కొత్త లావు కేబుల్ బిగించి, పైన గ్రీజు పూశాను. మళ్లీ కొలిస్తే 0.15. సెల్ఫ్ చప్పుడే మారిపోయింది. బరువు దించేసిన ఎద్దులా పరుగెత్తింది.

కానీ బండి అందుకోలేదు!

ఇప్పుడు ఇంజిన్ చకచకా తిరుగుతోంది, పది సెకన్లు కొట్టినా అందుకోదు. ఆగి మళ్లీ కొడితే నాలుగైదు సెకన్లకు ఒక్కసారి తడబడి, తెల్లపొగ ఒక గుప్పెడు వదిలి, నడుస్తుంది. నిరాశ కలిగిన మాట నిజమే. ఒకటి కాదు, రెండు రోగాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయని అప్పుడు అర్థమైంది. కాకాకు ఫోన్ చేశాను.

"కొట్టేటప్పుడు సైలెన్సర్ల నుంచి పొగ వస్తుందా?"

"అందుకునేదాకా ఏం రావట్లేదు కాకా."

"పొగ లేకుంటే డీజిల్ లోపటికి పోతలేదన్నట్టు. తెల్లపొగ వచ్చుకుంట అందుకోకపోతే డీజిల్ పోతుంది, మండుతలేదన్నట్టు. గప్పుడు హీటర్లు చూడాలె. నీది డీజిల్ కథ."

ఎంత చక్కటి పరీక్ష! ఒక్క పనిముట్టు కూడా అక్కర్లేదు, వెనక ఒక మనిషి టార్చి పట్టుకుని నిలబడితే చాలు. అయినా మనసు ఆగక, చలిలో సిలిండర్లను ముందే వేడెక్కించే హీటర్ ప్లగ్గులు కూడా చూశాను. నాలుగింటినీ కలిపే పట్టీ తీసి ఒక్కోదాన్ని విడిగా కొలవాలి. మీటర్ వైర్ల అడ్డు తీసేస్తే ఒక్కోటి ఒక ఓమ్ లోపే చూపించాయి. నాలుగూ బాగున్నాయి.

ఈలోగా సలహాలు ఆగలేదు. డీజిల్ గడ్డకడుతోందని ఒకాయన అన్నాడు. తీసిపారేసే మాట కాదది, ఎముకలు కొరికే చలి దేశాల్లో అలా జరుగుతుంది. రాత్రి ఒక గాజు సీసాలో టాంకులోని డీజిలే పోసి బండి టైరు మీద పెట్టాను. పొద్దున చూస్తే తేటగా ఉంది, మబ్బు కూడా లేదు. ఇంకొకరు గాలి వెళ్లే గొట్టంలో స్టార్టింగ్ స్ప్రే కొట్టమన్నారు. దయచేసి హీటర్ ప్లగ్గులున్న బండికి ఆ పని చేయకండి. ఆ స్ప్రేలో ఉండే ఈథర్ ఎర్రగా కాలిన ప్లగ్గు తగలగానే సమయం కాని సమయంలో పేలుతుంది, పిస్టన్లు పగిలిపోవచ్చు.

డీజిల్ వెతుకులాట డీజిల్ ఫిల్టర్ మీది చేతిపంపుతో మొదలుపెట్టాను, గొట్టాల్లోకి డీజిల్‌ను చేత్తో నింపేది అదే. రాత్రి బండి ఆపగానే నొక్కితే రాయిలా గట్టిగా ఉంది. పొద్దున నొక్కితే మెత్తగా, ఖాళీగా దిగిపోయింది. పద్దెనిమిది సార్లు నొక్కితే గాని గట్టిపడలేదు. గట్టిపడ్డాక తాళం తిప్పాను. రెండు సెకన్లు! ఆ చలిలో అంత సులువుగా అందుకోవడం ఆ నెలలో అదే మొదటిసారి. రోగం తేలింది. రాత్రంతా గొట్టాల్లోకి గాలి చొరబడి, డీజిల్ వెనక్కి టాంకులోకి జారిపోతోంది.

ఎక్కడి నుంచి చొరబడుతోంది? దీనికే ఎక్కువ రోజులు పట్టింది. టాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది కాబట్టి, ఆ దారిలో చిల్లు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. ఎక్కడా తడి ఉండదు, వాసన రాదు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఒక మూర పారదర్శక గొట్టం తాత్కాలికంగా వేసి చూశాను. పొద్దున అందులో వేలెడంత గాలి బుడగ కనబడింది. ఫిల్టర్ దగ్గరో అంతకు ముందో గాలి వస్తోందని తేలింది, కచ్చితమైన చోటు మాత్రం దొరకలేదు. క్లిప్పులన్నీ బిగించాను, గొట్టాల చివర్లు అర అంగుళం కోసి మళ్లీ తొడిగాను, రాగి వాషర్లు మార్చాను. మర్నాడు చేతిపంపు మళ్లీ మెత్తగానే ఉంది.

అప్పుడు మా ఆవిడ ఒక మాట అంది. పోయిన ఆదివారం బండిని చేను వైపు దించి ఆపావు, ఆ పొద్దున సతాయించలేదు కదా అని. కాకా చెప్పినట్టు రోజూ రాసిపెట్టుకున్న పుస్తకం తిరగేశాను. నిజమే, ఆ రోజు ఎదురుగా "మూడు సెకన్లు" అని రాసి ఉంది, ఎందుకో నేను పట్టించుకోలేదు. మా ఇంటి పక్క నుంచి చేనులోకి బాగా వాలుగా దిగుతుంది. ముక్కు కిందికి పెట్టి ఆపితే వెనకనున్న టాంకు ఫిల్టర్ కంటే ఎత్తవుతుంది. డీజిల్ వెనక్కి జారదు, పైగా ముందుకే తోసుకొస్తుంది. అలాగైతే గాలి దూరే చిల్లులోంచి డీజిల్ బయటికి రావాలి!

ఆ రాత్రి టాంకు నింపించి, బండిని వాలులో దించి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఫిల్టర్ చుట్టూ, గొట్టాల కింద పాత పేపర్లు పరిచాను. పొద్దున ఒక్క పేపర్ మీదే రూపాయి బిళ్ల అంత నూనె మరక. పైకి చూస్తే ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర దగ్గర ఒక చుక్క వేలాడుతోంది.

వానాకాలం చివర్లో ఆ మర విప్పి నీళ్లు వదిలింది నేనే. దాని ఓ రింగు మార్చలేదు. అది అణిగి చపాతీలా అయిపోయి, ఎండల్లో ఎలాగో మూసుకుని ఉండి, చలికి బిరుసెక్కి దారి ఇచ్చింది. కొత్త రింగు 20 రూపాయలు. కాస్త డీజిల్ రాసి కూర్చోబెట్టి, మరను చేత్తో బిగించి, చేతిపంపుతో గాలి తీసేశాను.

మరుసటి తెల్లవారుజామున బండి సమతలంగానే ఉంది. చేతిపంపు నొక్కి చూశాను, రాయిలా ఉంది. హీటర్ లైటు ఆరేదాకా ఆగి తాళం తిప్పాను. రెండు సెకన్లు. మెంతికూర అవ్వ అప్పటికే బండి దగ్గర నిలబడి ఉంది, "అయ్యిందా బిడ్డా" అంది. అయ్యిందవ్వా అన్నాను. ఐదుకల్లా మార్కెట్‌లో ఉన్నాం.

బాగా చలిగా ఉన్న పొద్దున అందుకున్నాక ఒక అర నిమిషం ఇంజిన్ ఇంకా కొంచెం వణుకుతోంది. వాల్వులను కదిలించే ట్యాపెట్లు ఒకసారి సరిచూడాలని కాకా అన్నాడు. ఇంజిన్ ఆయిల్ కూడా 20 డబ్ల్యూ 50 తీసేసి, కంపెనీ పుస్తకంలో రాసిన 15 డబ్ల్యూ 40 పోయమన్నాడు, చలిలో అది పలచగా ఉంటుందట. ఆయిల్ వచ్చే ఆదివారం మారుస్తాను. ట్యాపెట్లకు బండి ఒక రోజంతా ఆగాలి, వంకాయ కోతలు అయ్యాకే.